ఫోలిక్ యాసిడ్ మాత్ర ఎప్పటి నుంచి, ఎంత, ఎప్పటి వరకు?

చిత్తూరు నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న ఇది. ఆమెకు 27 ఏళ్ళు. పెళ్ళయి ఏడాది దాటింది. మరో మూడు నాలుగు నెలల్లో బిడ్డ కోసం ప్రయత్నించాలని భార్యాభర్తలిద్దరూ అనుకుంటున్నారు. మందుల షాపులో అడిగితే 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్రల షీటు ఇచ్చారు. ఆమె ఆడపడుచుకు మాత్రం డాక్టరు ఈ మాత్రను మూడో నెలలో రాశారట. గర్భం రాకముందే మాత్రలు మింగితే ఒంటికి వేడి చేస్తుందని అత్తగారి అభ్యంతరం. ఇంట్లో అందరూ శాకాహారులే, ఆకుకూరలు బాగానే వండుకుంటారు. ఇన్ని ఉండగా మాత్ర నిజంగా అవసరమా, అవసరమైతే ఎప్పటి నుంచి, ఎంత మోతాదులో, ఎప్పటి వరకు వేసుకోవాలన్నది ఆమె సందేహం.

అమ్మా, ముందు సమాధానం చెప్పి, కారణాలు తరువాత వివరిస్తాను. ఈ రోజు నుంచే మొదలుపెట్టండి. రోజుకు 400 మైక్రోగ్రాములు చాలు. గర్భం నిలిచాక 12 వారాలు నిండే వరకు మానకండి. నాలుగో నెల నుంచి ఐరన్‌తో కలిసిన ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇస్తారు, అప్పుడు దానికి మారవచ్చు. మీరు చెప్పిన వివరాలను బట్టి మీకు 5 మిల్లీగ్రాముల మోతాదు అవసరమని నాకు అనిపించడం లేదు. ఆ మోతాదు తప్పనిసరిగా కావలసినవారు వేరే ఉన్నారు, వారి గురించి కింద రాస్తాను. ఆకుకూరలు తప్పకుండా తినండి, అయితే అవి మాత్ర చేసే పని చేయలేవు. మీరు శాకాహారులు కనుక విటమిన్ బి12 పరీక్ష కూడా ఒకసారి చేయించుకోండి.

ఇంత తొందర దేనికి, నెల తప్పాక మొదలుపెడితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. తిరుపతిలో ప్రసూతి వైద్యురాలిగా ఇన్నేళ్ళలో నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు వివరించవలసి వచ్చిన విషయం ఇదే. బిడ్డ మెదడు, వెన్నుపాము ఒక చిన్న పలక లాంటి కణజాలం నుంచి తయారవుతాయి. ఆ పలక మధ్యలో మడత పడి, కజ్జికాయ అంచులను దగ్గరకు తెచ్చి ఒత్తినట్లుగా రెండు అంచులూ కలిసి, ఒక గొట్టంగా మూసుకుంటుంది. దీనినే నాడీ నాళం, ఇంగ్లీషు మాటలో న్యూరల్ ట్యూబ్ అంటారు. తల వైపు అంచులు సరిగా కలవకపోతే పుర్రె, మెదడు ఏర్పడని అనెన్‌సెఫలీ అనే లోపం వస్తుంది. అలాంటి బిడ్డ బతకదు. వెన్ను వైపు కలవకపోతే స్పైనా బైఫిడా వస్తుంది. ఆ బిడ్డ బతికినా కాళ్ళలో బలం లేకపోవడం, మలమూత్రాలపై అదుపు లేకపోవడం, తలలో నీరు చేరడం వంటి కష్టాలు జీవితాంతం వెంట ఉండవచ్చు.

ఈ గొట్టం మూసుకునే పని అండం ఫలదీకరణ చెందిన 28 రోజుల లోపే ముగుస్తుంది. మన లెక్కలో, అంటే చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తే, అది దాదాపు ఆరు వారాలు. ఇప్పుడు ఒకసారి ఆలోచించండి. నెలసరి రావలసిన రోజు దాటేసరికే నాలుగు వారాలు అయిపోతాయి. మరో వారం పది రోజులు చూద్దామనుకుని, తరువాత ఇంట్లో పరీక్ష చేసుకుని, పుట్టింటికి కబురు చెప్పి, మంచి రోజు చూసుకుని డాక్టరు దగ్గరకు వచ్చేసరికి ఎనిమిది వారాలు నిండుతాయి. మా ఆసుపత్రికి తొలి చూపునకు వచ్చేవారిలో ఎక్కువమంది అప్పుడే వస్తారు. ఆ రోజు నేను ఎంత శ్రద్ధగా మాత్ర రాసి ఇచ్చినా, నాడీ నాళం విషయంలో ఆ మాత్రకు చేయడానికి పని మిగలదు. అందుకే ఈ ఒక్క మాత్ర విషయంలో గర్భం వచ్చాక డాక్టరును అడుగుదాం అనే పద్ధతి పనికిరాదు.

మొదలుపెట్టిన మర్నాడే రక్తంలో ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్ ఈ విటమిన్‌కే మాత్ర రూపం) నిల్వలు నిండిపోవు. రోజుకు 400 మైక్రోగ్రాముల చొప్పున వేసుకుంటూ ఉంటే ఎర్ర రక్తకణాలలో రక్షణ ఇచ్చే స్థాయికి చేరడానికి కొన్ని వారాల నుంచి మూడు నెలల వరకు పడుతుంది. కనీసం ఒక నెల ముందు అని చాలా మార్గదర్శకాలు చెబుతాయి. నేను మాత్రం వీలైతే మూడు నెలల ముందు అని చెబుతాను. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నవారు, కాపర్ టి వేయించుకున్నవారు వాటిని ఆపకముందే ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టడం మంచిది. గర్భస్రావం జరిగినవారు తిరిగి ప్రయత్నించేలోపు మళ్ళీ మొదలుపెట్టాలి. మన ప్రాంతంలో పెళ్ళయిన రెండు మూడు నెలలకే గర్భం దాల్చేవారు చాలామంది. వారికి ప్రణాళిక వేసుకునే వ్యవధి ఎక్కడ ఉంటుంది? పిల్లలను వాయిదా వేసే ఆలోచన లేకపోతే లగ్నపత్రిక రాసుకున్ననాటి నుంచే పెళ్ళికూతురికి ఈ మాత్ర అలవాటు చేయాలని నా గట్టి అభిప్రాయం. నా దగ్గరకు వచ్చే తల్లులకు, ఇంకో కూతురు పెళ్ళికి ఉంటే, అదే చెప్పి పంపిస్తాను.

మీ ఆడపడుచుకు మూడో నెలలో రాశారంటే దానికీ ఒక నేపథ్యం ఉంది. మన దగ్గర ఫోలిక్ యాసిడ్ అంటే 'రక్తం పట్టే మాత్ర' అన్న పేరు స్థిరపడిపోయింది. చరిత్ర కూడా అలాగే మొదలైంది. లూసీ విల్స్ అనే వైద్యురాలు 1928లో ఇంగ్లండు నుంచి బొంబాయికి వచ్చి, బట్టల మిల్లులలో పనిచేసే పేద గర్భిణులలో కనిపించే ఒక రకమైన తీవ్ర రక్తహీనతను పరిశీలించారు. ఈస్ట్ సారం ఇస్తే ఆ రక్తహీనత తగ్గుతోందని 1931లో ప్రకటించారు. అందులో ఉన్న పదార్థమే ఫోలేట్ అని తరువాత తేలింది. 1945లో దానిని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల బృందానికి నాయకత్వం వహించినవారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. స్ప్రూ అనే పేగుల వ్యాధి వల్ల తన సోదరులను పోగొట్టుకుని, తానూ అదే వ్యాధితో బాధపడిన మనిషి ఆయన. ఆ వ్యాధికి పనికివచ్చే విటమిన్ మీద ఆయన బృందం చేసిన కృషి ఫలితమే ఈ రోజు మన షాపులలో రూపాయల్లో దొరుకుతున్న మాత్ర.

నాడీ నాళ లోపాలను ఇదే విటమిన్ ఆపుతుందన్న సంగతి చాలా ఆలస్యంగా, 1991లో రుజువయింది. అంతకుముందు నాడీ నాళ లోపంతో బిడ్డ కలిగిన తల్లుల మీద, ఏడు దేశాలలో, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి ఆ అధ్యయనం జరిపింది. రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకున్న 593 మందిలో 6 మందికి, వేసుకోని 602 మందిలో 21 మందికి ఆ లోపం మళ్ళీ కనిపించింది. అంటే ముప్పు 72 శాతం తగ్గింది. మరుసటి ఏడాది హంగరీలో, అంతకుముందు ఏ లోపమూ లేని తల్లులలో కూడా, తక్కువ మోతాదుతోనే రక్షణ లభిస్తుందని తేలింది. ఆ తరువాత చైనాలో 400 మైక్రోగ్రాముల మాత్రతో పెద్ద ఎత్తున జరిగిన కార్యక్రమమూ అదే చూపింది.

కాబట్టి ఒకే విటమిన్‌కు రెండు వేర్వేరు పనులు, రెండు వేర్వేరు కాలాలు ఉన్నాయని గుర్తుంచుకోండి. గర్భానికి ముందు, తొలి మూడు నెలలలో అది బిడ్డ మెదడు, వెన్నుపాము కోసం. నాలుగో నెల నుంచి ఐరన్‌తో కలిపి తల్లి రక్తం కోసం. ఆరోగ్య కేంద్రంలో గర్భిణులకు ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. దానిని నాలుగో నెల నుంచి 180 రోజులు, కాన్పు తరువాత మరో 180 రోజులు వేసుకోమంటారు. చాలామంది ఆ రెండో కాలాన్నే ఎరుగుదురు, మొదటి కాలం జారిపోతుంది. గర్భానికి ముందు నుంచి తొలి మూడు నెలల వరకు 400 మైక్రోగ్రాముల మాత్ర వేసుకోవాలని 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమంలోనూ ఉంది. మీ ఊరి ఏఎన్ఎంను, ఆశా కార్యకర్తను అడగండి. గర్భం రాకముందు వెళ్ళి అడిగేవారు తక్కువ కనుక మీరు అడగకుండా ఎవరూ తెచ్చి ఇవ్వకపోవచ్చు.

ఇక మోతాదు సంగతి. ఇక్కడే ఎక్కువ గందరగోళం ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మీ చేతిలో ఉన్న షీటును తిప్పి వెనుక వైపు చదవండి. ఫోలిక్ యాసిడ్ అన్న మాట పక్కన అంకె, దాని పక్కన కొలత ఉంటాయి. మిల్లీగ్రాము అని ఉందా, మైక్రోగ్రాము అని ఉందా చూడాలి. 1000 మైక్రోగ్రాములు ఒక మిల్లీగ్రాము. కాబట్టి మీకు కావలసిన 400 మైక్రోగ్రాములంటే 0.4 మిల్లీగ్రాము. మీ చేతిలో ఉన్న 5 మిల్లీగ్రాముల మాత్ర దానికి పన్నెండున్నర రెట్లు. చిన్న అక్షరాలతో, మెరిసే రేకు మీద అచ్చయిన ఆ మాటలను నా దగ్గరకు వచ్చే చదువుకున్న అమ్మాయిలు కూడా సరిగా గమనించరు. ఇందులో వారి తప్పేమీ లేదు. షాపులలో విడిగా దొరికే ఫోలిక్ యాసిడ్ ఎక్కువగా 5 మిల్లీగ్రాములదే కావడం వల్ల, అడిగిన వెంటనే అదే చేతికి వస్తుంది. 400 మైక్రోగ్రాములది కావాలని అంకెతో సహా కాగితం మీద రాసుకుని వెళ్ళండి. బి12తో కలిపిన కొన్ని మాత్రలలో తక్కువ మోతాదు ఫోలిక్ యాసిడ్ దొరుకుతుంది.

5 మిల్లీగ్రాముల మోతాదు ఎవరికి కావాలి? గత కాన్పులో నాడీ నాళ లోపంతో బిడ్డ కలిగినవారికి, భార్యాభర్తలలో ఎవరికైనా ఆ లోపం ఉన్నప్పుడు లేదా దగ్గరి రక్తసంబంధీకులలో ఉన్నప్పుడు, తల్లికి గర్భానికి ముందు నుంచే మధుమేహం ఉంటే, మూర్ఛకు మందులు వాడుతుంటే, సికిల్ సెల్ లేదా తలసీమియా అనే వంశపారంపర్య రక్త వ్యాధులు ఉంటే, పేగులు ఆహారాన్ని సరిగా గ్రహించని జబ్బులు ఉంటే, బాగా అధిక బరువు ఉంటే ఎక్కువ మోతాదు ఇస్తాము. అదీ డాక్టరు చూసి రాయవలసినదే.

ఈ మోతాదు ఎంత విలువైనదో చెప్పడానికి ఒక ఉదాహరణ. పలమనేరు వైపు పల్లె నుంచి ఒక అమ్మాయి తొలి గర్భంతో మూడో నెల చివర స్కానుకు వచ్చింది. బిడ్డకు పుర్రె పైభాగం ఏర్పడలేదు. ఆ గర్భాన్ని కొనసాగించే అవకాశం లేకపోయింది. ఇంట్లోవాళ్ళు గ్రహణం రోజున ఆమె కూరగాయలు తరిగిందని నింద వేశారు. ఆ అమ్మాయికి దుఃఖం కన్నా ఆ నింద ఎక్కువ బరువయింది. భర్తను, అత్తగారిని కూర్చోబెట్టి, ఈ లోపం ఆమెకు గర్భమని తెలిసేనాటికే జరిగిపోయిందని, గ్రహణానికీ కత్తిపీటకూ ఇందులో ప్రమేయం లేదని తేదీలు కాగితం మీద వేసి చూపించాను. మళ్ళీ ప్రయత్నించడానికి మూడు నెలల ముందు నుంచి రోజుకు 5 మిల్లీగ్రాముల మాత్ర వేసుకోమని, అది మొదలుపెట్టే వరకు గర్భం రాకుండా జాగ్రత్తపడమని చెప్పాను. రెండో గర్భంలో పన్నెండో వారం స్కానులో బిడ్డ తల గుండ్రంగా, నిండుగా కనిపించినప్పుడు అత్తగారే ముందు కళ్ళు తుడుచుకున్నారు. ఆ పాప ఇప్పుడు బడికి వెళుతోంది. ఒకసారి ఈ లోపం వచ్చినవారికి మళ్ళీ వచ్చే అవకాశం ఇతరుల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కనుక, ఇలాంటి అమ్మాయిలు మాత్ర లేకుండా రెండో గర్భానికి వెళ్ళకూడదని ప్రతి ఆశా కార్యకర్తకూ తెలియాలని నా కోరిక.

మూర్ఛ మందుల గురించి ప్రత్యేకంగా ఒక మాట. సోడియం వాల్‌ప్రోయేట్ అనే మందు మన పల్లెలలో విస్తారంగా వాడుకలో ఉంది. గర్భం తొలి వారాలలో అది నాడీ నాళ లోపాల ముప్పును బాగా పెంచుతుంది. ఫోలిక్ యాసిడ్ ఎక్కువ మోతాదు వేసుకున్నంత మాత్రాన ఆ ముప్పు పూర్తిగా పోదు. మరొక మందుకు మార్చడం అనేది నరాల వైద్యుడు గర్భానికి చాలా ముందుగా చేయవలసిన పని. అయితే భయపడి మీ అంతట మీరు మూర్ఛ మందు ఆపకండి. ఫిట్స్ వస్తే తల్లి ప్రాణానికీ బిడ్డ ప్రాణానికీ ముప్పే. అలాగే కీళ్ళవాతానికి, సోరియాసిస్‌కు వాడే మెథోట్రెక్సేట్ ఫోలేట్ పనిని అడ్డుకునే మందు. అది వాడుతూ గర్భం దాల్చకూడదు. డాక్టరు పర్యవేక్షణలో ముందే ఆపి, వారు చెప్పిన వ్యవధి గడిచాకే ప్రయత్నించాలి.

మధుమేహం ఉన్నవారికి కూడా ఇలాంటి హెచ్చరికే. తొలి వారాలలో చక్కెర ఎక్కువగా ఉంటే అదే బిడ్డ అవయవ నిర్మాణాన్ని దెబ్బతీస్తుంది. 5 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటున్నాను కదా అని చక్కెరను పట్టించుకోకపోతే ప్రయోజనం ఉండదు. రెండూ కలిసి జరగాలి.

ఎక్కువ మోతాదు కోసం తక్కువ మాత్రలను కూడబెట్టి మింగడం కూడా ప్రమాదమే. ఎర్ర మాత్రలు పది మింగితే 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ అవుతుందని లెక్క వేసుకున్న ఒక దంపతులు నా దగ్గరకు వచ్చి అడిగారు. అడగడం మంచిదయింది. అందులో ఐరన్ కూడా పది రెట్లు అవుతుంది, అది విషంతో సమానం. మల్టీవిటమిన్ మాత్రలను అలాగే పెంచుకుంటూ పోతే విటమిన్ ఎ మితిమీరి బిడ్డకే హాని చేయవచ్చు.

ఇప్పుడు మీకు, అంటే శాకాహార కుటుంబాలవారికి, అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త. ఫోలేట్, బి12 రెండూ శరీరంలో చేయి చేయి కలిపి పనిచేస్తాయి. బి12 లోపిస్తే రక్తం తగ్గుతుంది, నరాలు కూడా దెబ్బతింటాయి. అలాంటివారికి ఎక్కువ మోతాదు ఫోలిక్ యాసిడ్ ఇస్తే రక్తం మాత్రం మెరుగుపడి, అంతా బాగున్నట్లు కనిపిస్తుంది. లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. తిరుపతిలో గుడ్డు కూడా ముట్టని ఇళ్ళు చాలా ఉన్నాయి కనుక నేను ఈ విషయంలో ఎప్పుడూ పట్టుబడతాను. పిల్లలు కలగడం ఆలస్యమై ఊరూరూ తిరుగుతున్న ఒక గృహిణి, ఎప్పుడో ఎవరో రాసిన 5 మిల్లీగ్రాముల మాత్రను ఏళ్ళ తరబడి వేసుకుంటూనే ఉంది. పాదాల్లో తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్లు ఉండటం గురించి అడిగితే, కొండకు నడిచి వెళ్ళడం వల్ల అనుకున్నానని చెప్పింది. చెప్పులు కాలి నుంచి జారినా తెలియడం లేదని మాటల మధ్యలో అన్నప్పుడు నాకు అనుమానం వచ్చింది. హిమోగ్లోబిన్ బాగానే ఉంది, బి12 మాత్రం అట్టడుగున ఉంది. ఇంజెక్షన్లతో చాలావరకు కోలుకుంది.

దీని అర్థం ఫోలిక్ యాసిడ్ చెడ్డదని కాదు. 400 మైక్రోగ్రాముల మోతాదులో ఇలాంటి సమస్య రాదు. రోజుకు ఒక మిల్లీగ్రాము దాటినప్పుడే ఈ జాగ్రత్త. శాకాహారులు గర్భానికి ముందే బి12 చూపించుకుని, తక్కువగా ఉంటే అదీ సరిచేసుకోవాలి. తల్లికి బి12 తక్కువగా ఉండటం కూడా బిడ్డలో నాడీ నాళ లోపాల ముప్పును పెంచుతుందని పరిశోధనలు చూపాయి. పాలు, పెరుగు రోజూ తీసుకునేవారికి కొంత బి12 అందుతుంది. ఆకుకూరలలో, పప్పులలో అది ఉండదు.

ఆకుకూరల మాట వచ్చింది కనుక, తింటున్నాం కదా మాత్ర దేనికి అన్న మీ ప్రశ్నకు వస్తాను. మన చిత్తూరు భోజనం ఫోలేట్ విషయంలో నిజంగా మంచిది. తోటకూర, పాలకూర, చెంచలాకు, అలసందలు, పెసలు, శనగలు, చలికాలంలో అనపగింజలతో చేసే పితికిపప్పు, సంగటిలోకి నంజుకునే వేరుశనగ ఊరుబిండి, ఇవన్నీ ఫోలేట్ ఇచ్చేవే. మానవద్దు, పెంచండి. అయితే ఆహారంలోని ఫోలేట్ నీటిలో కరిగిపోతుంది, వేడికి నశిస్తుంది. ఆకును తరిగి కడిగి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు వంపేస్తే చాలా భాగం పోతుంది. మిగిలిన దానిలోనూ శరీరం గ్రహించేది కొంతే. మాత్రలోని 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఆహారంలోని 680 మైక్రోగ్రాముల ఫోలేట్‌తో సమానమని లెక్క. రోజూ తినే భోజనానికి అదనంగా, ఒక్క రోజు తప్పకుండా, అంత ఆకుకూర నెలల తరబడి తినగలమా? ముందు కడిగి తరువాత తరగండి, తక్కువ నీటితో మూతపెట్టి వండండి, మాత్రను మాత్రం వేరుగా వేసుకోండి.

రేషన్ బియ్యంలో కలుపుతున్నారు కదా అని కొందరు అడుగుతారు. నిజమే, బలవర్ధక బియ్యంలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలుపుతారు. అయితే కిలో బియ్యానికి ఫోలిక్ యాసిడ్ 75 నుంచి 125 మైక్రోగ్రాములు మాత్రమే. రోజుకు 300 గ్రాముల బియ్యం తిన్నా 40 మైక్రోగ్రాములు దాటదు. మొత్తం జనానికి అది మేలే కానీ గర్భానికి సిద్ధమవుతున్న స్త్రీకి చాలదు. ఆ బియ్యంలో కొంచెం తేడాగా కనిపించే గింజలను ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసేవారు ఇంకా ఉన్నారు. విటమిన్లు ఉండేది ఆ గింజలలోనే, దయచేసి ఏరవద్దు.

మీ అత్తగారి మాటను కొట్టిపారేయకండి. మాత్రలంటే పెద్దవారికి ఉండే జంకులో కోడలి మీద శ్రద్ధ కూడా ఉంటుంది. ఇది ఘాటైన మందు కాదని, ఆకుకూరలలో ఉండే విటమినేనని, ఎక్కువైతే మూత్రంలో బయటకు పోతుందని వివరించండి. ఈ మాత్ర వల్ల ఒంటికి వేడి చేయదు, నెలసరి తప్పదు, గర్భం ఆలస్యం కాదు, బిడ్డ నల్లగా పుట్టదు. తొలి నెలల వాంతులను చాలామంది ఈ మాత్ర మీదకు నెడతారు. అవి వేవిళ్ళు, మాత్ర మానినా తగ్గవు. ఉదయం వికారంగా ఉంటే రాత్రి పడుకునే ముందు వేసుకోండి. ఏ వేళలోనైనా, తిన్నాకైనా తినకముందైనా ఫరవాలేదు. ఒకరోజు మరిచిపోతే మర్నాడు మామూలుగా ఒకటే వేసుకోవాలి, రెండు వేసుకోనక్కరలేదు. మలబద్ధకం, నల్లటి విరేచనం ఐరన్ వల్ల వచ్చేవి. ఆ ఐరన్ మాత్రను టీ, కాఫీలతో, కాల్షియం మాత్రతో కలిపి వేసుకోకూడదు.

ఇది చేయలేని పనులు కూడా చెప్పాలి. ఫోలిక్ యాసిడ్ సక్రమంగా వేసుకున్నవారిలోనూ కొద్దిమందికి నాడీ నాళ లోపాలు వస్తాయి. డౌన్ సిండ్రోమ్ వంటి క్రోమోజోమ్ లోపాలను ఇది ఆపదు. గ్రహణ మొర్రి విషయంలో ఆధారాలు గట్టిగా లేవు. మన వైపు మేనమామను, మేనబావను చేసుకునే సంబంధాలు ఎక్కువ కదా, అలాంటి దంపతులు మాత్ర వేసుకుంటే చాలనుకుంటారు. మేనరికం వల్ల బయటపడే జన్యు వ్యాధులకు ఈ మాత్రతో సంబంధం లేదు. కుటుంబంలో అలాంటి చరిత్ర ఉంటే జన్యు సలహా విడిగా తీసుకోవాలి. అలాగే స్కానులు మానకూడదు. 11 నుంచి 14 వారాల మధ్య చేసే స్కానులో అనెన్‌సెఫలీ సాధారణంగా తెలిసిపోతుంది. వెన్ను లోపాలను 18 నుంచి 20 వారాల మధ్య చేసే టిఫా స్కానులో వెతుకుతాము. జన్యువు తేడా ఉందని చెప్పి మామూలు ఫోలిక్ యాసిడ్ పనిచేయదని, ఖరీదైన మిథైల్ ఫోలేట్ మాత్రే కావాలని ఈ మధ్య కొందరు చెబుతున్నారు. నాడీ నాళ లోపాలను తగ్గిస్తుందని పరీక్షలలో నిలిచినది మామూలు ఫోలిక్ యాసిడే. ఆ జన్యువు తేడా ఉన్నవారి శరీరమూ దీనిని వాడుకోగలదు. అనవసరంగా ఖర్చు పెట్టకండి.

ఇది చదివేవారిలో ఇప్పటికే రెండో నెలో మూడో నెలో నడుస్తూ, ముందు మాత్ర వేసుకోలేదే అని బెంగపడేవారు ఉండవచ్చు. మన దేశంలో ఈ లోపాలు వెయ్యి జననాలకు సుమారు నాలుగు. అంటే మాత్ర వేసుకోని తల్లులలోనూ అత్యధికుల బిడ్డలు ఈ లోపం లేకుండానే పుడుతున్నారు. ఈ రోజే మొదలుపెట్టండి, స్కాను సమయానికి చేయించుకోండి, నిద్ర మానుకోకండి.

చివరగా, మీరు ఇప్పటికే కొన్న 5 మిల్లీగ్రాముల షీటు సంగతి. 400 మైక్రోగ్రాములది దొరికే వరకు, కొద్ది రోజులు అది వేసుకున్నా హాని లేదు. అసలు వేసుకోకపోవడం కన్నా అది మేలు. విరిచి ముక్కలు చేయకండి, మోతాదు సరిగా రాదు. ఈ వారంలోనే బి12, హిమోగ్లోబిన్, చక్కెర, థైరాయిడ్ పరీక్షలు చేయించుకుని, ఫలితాలతో పాటు ఆ షీటును కూడా మీ దగ్గరలోని ప్రసూతి వైద్యురాలికి చూపించండి. మీ పుట్టింటి వైపు గానీ మెట్టినింటి వైపు గానీ వెన్ను లోపంతో పుట్టిన బిడ్డలు, పుట్టగానే పోయిన బిడ్డలు ఎవరైనా ఉన్నారేమో ఇంటి పెద్దవారిని అడిగి తెలుసుకుని వెళ్ళండి. ఉన్నారని తెలిస్తే మీ మోతాదు మారవచ్చు.